కొత్త ఇంజనుకు తొలి వేయి కిలోమీటర్లు

ఉక్కు కర్మాగారములో కొత్తగా నిర్మించిన కోకు అవెన్ల బ్యాటరీని ఒకనాడు వెలిగించి మరునాడు బొగ్గు నింపుటకు వీలు లేదు. ఆ అవెన్ల గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. వేడి తగిలినకొలది సమముగా వ్యాకోచించు స్వభావము సిలికాకు లేదు. కొన్ని నిర్ణీతమైన ఉష్ణోగ్రతలవద్ద, ముఖ్యముగా 600 డిగ్రీల సెల్సియస్‌కు లోపలనే, దాని స్ఫటికనిర్మాణము మారిపోయి ఇటుక ఒక్కుమ్మడిగా ఉబ్బును. అందుచేత ఆ మెట్లను దాటునంతవరకు దినమునకు కొద్దిపాటి డిగ్రీల చొప్పున, వారముల తరబడి, రాత్రింబవళ్లు కాపలా కాయుచు, ఏ గోడ ఎంత పెరిగినదో కొలుచుకొనుచు వేడి నెక్కింతురు. అది సక్రమముగా ముగిసినచో ఆ గోడలు దశాబ్దములపాటు వేయి డిగ్రీలకు మించిన వేడిని భరించుచు నిలుచును. ఈ విద్య నెరిగినవారు భిలాయిలో ప్రతి వీథియందును ఒకరిద్దరైన ఉందురు. అట్టి ఊరిలో ఒక కుటుంబము కొత్తకారు కొని ఇంటికి తెచ్చుకొన్నప్పుడు, దాని ఇంజనునకును క్లచ్చునకును గేర్‌బాక్సునకును తొలి వేయి కిలోమీటర్లలో ఏమి జరుగునో, ఆ కొద్దిదినములు బండిని ఎట్లు నడపవలయునో, అట్లే ఎందుకు నడపవలయునో వివరించుట ఈ అధ్యాయమునకు విషయము.

1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందము ననుసరించి దుర్గ్ పట్టణము ప్రక్కన లేచిన కర్మాగారము భిలాయిది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దానిని ప్రారంభించిరి. 1931లో పూర్తియైన విజయనగరం–రాయపూర్ రైలుమార్గము అప్పటికే ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానముతో ముడివేసి యుండుటచేత, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వచ్చిన తెలుగువారు అచ్చటనే స్థిరపడి, ఖుర్సీపార్‌లోను, టౌన్‌షిప్పులోని సెక్టార్లలోను ఇల్లువాకిళ్లు ఏర్పరచుకొని తమ భాషను తరతరములుగా నిలుపుకొన్నారు. కొత్త వాహనమునకు పసుపుకుంకుమలు పెట్టించి, చక్రములచేత నిమ్మకాయలు తొక్కించి, ఆ పిమ్మటనే రోడ్డెక్కించు మన ఆచారమును సెక్టార్ 5లోని బాలాజీ మందిరమును దర్శించుకొను ఆ కుటుంబములు ఈనాటికిని శ్రద్ధతో పాటించుచున్నవి.

భిలాయిలో తయారగునవి ప్రధానముగా రైలుపట్టాలు, తీగెలు, దళసరి పలకలు. కారు దేహమునకు కావలసిన పలుచని రేకు అచ్చటిది కాదు. అయినను మన విషయమునకును ఉక్కు కర్మాగారమునకును దగ్గరి బంధుత్వమొకటి కలదు. 1964లో బ్రిటనులోని కార్డిఫ్ నగరమున ఇనుము, ఉక్కు కర్మాగారములలో కందెనల వాడుకను గూర్చి ఇంజనీర్ల సభ యొకటి జరిగెను. రోలింగు మిల్లులవంటి మహాయంత్రములు బేరింగులు అరిగి తరచుగా నిలిచిపోవుచుండుట అప్పటి చింత. ఆ సభలో రేగిన ఆలోచన ఫలితముగా పీటర్ జోస్ట్ అను ఇంజనీరు అధ్యక్షతన ప్రభుత్వ సంఘమొకటి ఏర్పడి, రాపిడిని, అరుగుదలను, కందెనలను వేరువేరు శాఖలవారు తమకు తోచినట్లు చూచుకొనుట చాలదనియు, వానిని ఏకశాస్త్రముగా అధ్యయనము చేసినచో ఆ దేశమునకు ఏటా 51 కోట్ల 50 లక్షల పౌండ్లు ఆదా యగుననియు 1966లో నివేదించెను. ఈనాడు ట్రైబాలజీ అను పేర విశ్వవిద్యాలయములలో బోధింపబడు శాస్త్రమునకు అది జన్మపత్రిక. మన కారు ఇంజనులో పిస్టను రింగునకును సిలిండరు గోడకును నడుమ జరుగు వ్యవహారమంతయు ఈ శాస్త్రముయొక్క పరిధిలోనిదే.

సిలిండరు బోరు లోపలితలము అద్దమువలె నునుపుగా నుండునని చాలమంది తలంతురు. నిజమునకు అట్లున్నచో ఆ ఇంజను పనికిరాదు. బోరును తొలిచిన పిమ్మట హోనింగ్ అను తుదిపనిలో, సానరాళ్లు బిగించిన పనిముట్టొకటి లోపల గిరగిర తిరుగుచు అదే సమయమున పైకిని క్రిందికిని కదలుచు, నిర్ణీతకోణమున ఒకదానినొకటి ఖండించు సన్నని గీతలను గోడనిండ గీయును. ఈ గీతల లోతు మైక్రానులలో కొలువదగినది. మన తలవెండ్రుక మందము 70 మైక్రానులుండుననిన అవి ఎంత సూక్ష్మములో ఊహింపవచ్చును. ఆ సూక్ష్మమైన కాలువలే నూనెను పట్టి యుంచి, పిస్టను రింగు పైకి పోవునప్పుడును దిగునప్పుడును దానికి తడి అందించును. కాని గీతలతోపాటు గట్లును ఏర్పడును గదా! కొత్త బోరునకు ఆ గట్ల శిఖరములు వాడిగా నుండును. కొత్త రింగు అంచునకును తనవైన శిఖరములుండును. రెండు ఘనపదార్థముల తలములు ఒకదానిపై నొకటి ఆనినప్పుడు అవి నిజముగా తాకుకొను వైశాల్యము కంటికి కనబడు వైశాల్యములో అత్యల్పభాగమనియు, భారమంతయు ఆ కొలది శిఖరములమీదనే పడుననియు కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు గత శతాబ్దపు నడుమ కాలమున చేసిన పరిశోధనలు స్థిరపరచినవి. తొలిగంటలలో ఆ శిఖరములు అణగి, విరిగి, చదునై, తాకుడు వైశాల్యము పెరుగును. పెరిగినకొలది ఒక్కొక్క బిందువుమీది ఒత్తిడి తగ్గును. తగ్గినకొలది అరుగుదల మందగించును. కొత్త రుబ్బురోటిలో మన ఇల్లాండ్రు మొదట తవుడు వేసి రుబ్బి పారబోసి, పొత్రము రోటికి అమరిన పిదపనే పప్పు వేయుదురు. ఇచ్చట జరుగునదియు అట్టి అమరికయే.

ఇంత చిన్న పనిని కర్మాగారమువారే ఎందుకు ముగించి ఇయ్యరాదు అను ప్రశ్న సహజము. కొంతవరకు వారిప్పుడు ముగించుచునే యున్నారు. గీతలు గీసిన పిమ్మట మరింత సన్నని రాళ్లతో శిఖరములను మాత్రము కొట్టివేసి, లోయలను అట్లే యుంచు పద్ధతి వాడుకలోనికి వచ్చుటచేత, పూర్వము వేలకొలది కిలోమీటర్లు పట్టిన పనిలో చాలభాగము బండి మన చేతికి రాకముందే తీరిపోవుచున్నది. అయినను చివరి మెట్టు మాత్రము ఏ యంత్రశాలకును లొంగదు. సిలిండరు హెడ్డు బోల్టులు బిగించినప్పుడు బోరు వెండ్రుకవాసిలో కొంతభాగము వంగును. ఇంజను వేడెక్కినప్పుడు మరియొక విధముగా వంగును. ప్రతి సిలిండరును తనదైన రీతిలో వంగును. ఆ రింగు ఆ బోరునకే, ఆ వేడిలోనే, ఆ ఒత్తిడిలోనే అమరవలెను. కనుక ఇంజను నిర్మాణములోని చిట్టచివరి పనిని ఇంజనే చేసికొనును. దానికి సాధనము నడపువాని కాలును చేయియును. నేను ఈ అధ్యాయమున చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే: తొలి వేయి కిలోమీటర్లు బండికి విశ్రాంతి దినములు కావు, పనిదినములు.

ఆ పని ఎట్టిదో తెలియుటకు నూనెపొర సంగతి కొంత చెప్పవలసియున్నది. 1880లలో బీచమ్ టవర్ అను ఇంగ్లీషు ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులమీద ప్రయోగములు చేయుచు, నూనె పోయుటకని బేరింగు నెత్తిన ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగుచుండగా పైనుండి లోపలికి పోవలసిన నూనె క్రిందినుండి పైకి ఎగదన్ని రంధ్రముగుండ పొంగి వచ్చెను. బిరడా బిగించిన, దానిని సైతము త్రోసివైచెను. పీడనమాపకము నమర్చి చూడగా, బేరింగుమీది సగటు బరువుకంటె అచ్చటి నూనెలోని పీడనము రెట్టింపునకు మించియుండెను. తిరుగు ఇరుసు నూనెను తనవెంట ఇరుకుసందులోనికి ఈడ్చుకొని పోవుటచేత అక్కడ పీడనము పుట్టి, బరువునంతటిని నూనెయే మోయుననియు, లోహము లోహమును తాకనే తాకదనియు 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గణితముతో నిరూపించెను. 1902లో జర్మనీ దేశస్థుడు రిచర్డ్ స్ట్రిబెక్ దీనికి రెండవ పార్శ్వమును చూపెను: వేగము తగ్గి, భారము పెరిగి, నూనె పలుచనైనకొలది ఆ పొర చిక్కిపోయి, ఒక స్థితి దాటిన పిదప శిఖరములు ఒకదానికొకటి తగులనారంభించి రాపిడి అమాంతము పెరుగును. క్రాంకు బేరింగులు బయలుదేరు క్షణమున తప్ప తక్కిన కాలమంతయు నూనెపైననే తేలుచుండును. పిస్టను రింగునకు ఆ భాగ్యము లేదు. ప్రతి ప్రయాణపు కొనయందును పిస్టను ఒక్క లిప్తకాలము ఆగి వెనుదిరుగవలెను; ఆగిన చోట వేగము సున్న; వేగము సున్నయైన చోట పొర నిలువదు. బోరు పైభాగమున, రింగు తిరుగుమలుపు వేయు చోటనే అరుగుదల అన్నిటికంటె ఎక్కువగా నుండుటకు కారణమిది. పాతబండి ఇంజను విప్పిన మెకానిక్కు మొదట వ్రేలితో తడవి చూచునదియు ఆ చోటనే.

ఇక రింగును గోడకు అదుముచున్నదేది? దాని సహజమైన స్ప్రింగుబలము అనుకొందుము. కాని ఆ బలము కలిగించు ఒత్తిడి ఒకటి రెండు వాతావరణపీడనములకు మించదు. ఇంధనము మండినప్పుడు పుట్టిన వాయువు రింగు వెనుకనున్న గాడిలోనికి చొరబడి లోపలినుండి దానిని గోడకు త్రోయును. ఇంజను గట్టిగా లాగుచున్నప్పుడు ఆ పీడనము యాబది వాతావరణములను దాటగలదు. కాలు తేలికగా పెట్టి నడుపునప్పుడు అందులో చిన్నభాగము మాత్రమే యుండును. కనుక కొత్తబండి గదా యని అతిసుకుమారముగా, ఎల్లప్పుడును ఒకే మందగతిలో నడిపినచో, రింగు గోడకు చాలినంతగా ఒత్తుకొనదు, శిఖరములు అణగవు, రింగు దాటి పైకి చేరిన నూనె కాలి, జిగురుపూతగా గీతలలో గట్టిపడి, కాలువలను పూడ్చివేయును. అట్లు మెరుగెక్కిన గోడమీద రింగు ఎన్నటికిని కుదురుకొనజాలదు. “బండి ఆయిల్ తింటోంది” అని మన మెకానిక్కులు చెప్పు వ్యాధికి ఒక మూలము ఇది. ముదిరినచో బోరు విప్పి మరల గీతలు గీయించుట తప్ప వేరు మందు లేదు. దీనికి విపరీతమైన దోషము మరొకటి: మొదటిదినమే కాలు పూర్తిగా అదిమి ఉరికించినచో, వాడిశిఖరములవద్ద క్షణకాలము పుట్టు వేడికి లోహము లోహమునకు అతుకుకొని చీలి, గోడపై నిలువుచారలు పడును.

అంబాసిడరు కార్ల కాలమున కొత్తబండి వెనుక అద్దమునకు ‘రన్నింగ్ ఇన్’ అని చీటీ అంటించి, వెనుకవారిని దాటిపొండని వేడుకొనుచు, గంటకు ముప్పది నలుబది మైళ్లు మించక నడుపుచుండిరి. ఆనాటి లోహములకును, నూనెలకును, తొలుపుడు యంత్రములకును అది తగిన సలహాయే. కాని ఆ సలహాలోని రెండవభాగము, అనగా ఇంజనును మొరాయించునట్లు బరువు మోయింపరాదనునది, జనులు మరచిరి. మెల్లగా పొమ్మనునది మాత్రము తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది. ఇప్పటి కంపెనీల కరపుస్తకములు చదివినచో, కొన్ని 960 కిలోమీటర్లనియు, కొన్ని వేయి యనియు హద్దు పెట్టి, ఆ లోపల కాలు పూర్తిగా అదుమవద్దనియు, ఒకే వేగమున చిరకాలము పోవద్దనియు, ఇంజను వేగమును మార్చుచుండుమనియు, బరువులు లాగింపవద్దనియు చెప్పుచున్నవి. ఒకే వేగమున పోవద్దను మాటను నేను అన్నిటికంటె ముఖ్యముగా నెన్నుదును. భారము పెరిగినప్పుడు రింగు ఒత్తుకొని అమరును. కాలు తీసినప్పుడు సిలిండరులో ఏర్పడు శూన్యమువలన నూనె గోడపైకి లాగబడి, అరిగిన ధూళిని కడిగి, వేడిని చల్లార్చును. ఈ రెండును ఒకదాని వెంట నొకటి జరుగుచుండవలెను.

ఇచ్చటనే చేతిగేరు బండియొక్క గొప్పతనము బయలుపడును. ఆటోమేటిక్ బండిలో ఇంజను ఎంత వేగముతో తిరుగవలెనో, ఎంత భారము మోయవలెనో యంత్రమే నిర్ణయించును. చేతిగేరు బండిలో ఆ నిర్ణయము మనది. ఒక చిన్నకారు గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఐదవ గేరులో పోవుచున్నదనుకొందము. ఇంజను నిమిషమునకు సుమారు 1,150 చుట్లు తిరుగును. అదే వేగమున మూడవ గేరులో పోయినచో సుమారు 1,900 చుట్లు. ఐదవ గేరులో నుండియే వేగము పెంచదలచి కాలు అదిమినప్పుడు, ఇంజను మూలుగుచు వణకును; చుట్లు తక్కువ గనుక నూనెపొర పలుచన, ఒక్కొక్క పేలుడు మోయవలసిన భారము అధికము; స్ట్రిబెక్ చూపిన ప్రమాదస్థానమునకు మనమే బండిని నడిపించుకొని పోయినట్లగును. మూడవ గేరునకు దించి, కాలు సగము అదిమి, రెండువేలనుండి మూడువేల చుట్లవరకు నెమ్మదిగా ఎక్కించి, పిమ్మట కాలు తీసి గేరులోనే బండిని జారనిచ్చినచో, రింగునకు కావలసిన ఒత్తిడియు, బేరింగునకు కావలసిన వేగమును ఒకేసారి లభించును. పెట్రోలు ఆదాచేయవలెనను సదుద్దేశముతో పెద్దగేరు వేసి మెల్లగా పోవు అలవాటు కొత్త ఇంజనునకు మేలు చేయదు.

భిలాయి టౌన్‌షిప్పు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన చిక్కు తెచ్చిపెట్టుచున్నది. ఛత్తీస్‌గఢ్ మైదానపు సమతలముమీద గీతలు గీసినట్లు తిన్ననైన వీథులు; సెక్టారునుండి ప్లాంటు గేటువరకు కొద్ది కిలోమీటర్ల దూరము; షిఫ్టునకు పోవుట, వచ్చుట. చలువనీటి ముల్లు నడుమకు వచ్చినంతమాత్రమున ఇంజను నూనె వేడెక్కినట్లు కాదు. నూనె వేడి ఎప్పుడును కొంత వెనుకబడియే యుండును. జనవరి ఉదయమున ‘ఏ’ షిఫ్టునకు బయలుదేరిన బండిలో నూనె కాగకమునుపే గేటు వచ్చును. చల్లని ఇంజనునకు అధికముగా పోయబడిన పెట్రోలులో కొంత ఆవిరి కాక గోడలమీదుగా జారి నూనెలో కలియును; దహనమున పుట్టిన తేమయు అచ్చటనే నిలుచును. పైగా నూనెలో కలిపిన జింక్ డయాల్కిల్ డైథయోఫాస్ఫేట్ అను రక్షకద్రవ్యము తగిన వేడియు రాపిడియు లభించినప్పుడే లోహముపై గాజువంటి సన్ననిపొరగా రూపొందును. కనుక ఓడోమీటరులో వేయి చూపినను, ఆ వేయియు గేటు ప్రయాణములతోనే నిండినదైతే, ఇంజను అమరిక సగములోనే యుండును. ఇంటిముందు నిలిపి ఇంజను ఆడించుచు వదలుట అంతకంటె నిష్ప్రయోజనము; భారము లేదు, వేగము లేదు, కాలిన మసి మాత్రము కలదు.

ఈ కొరతను తీర్చుకొనుటకు మంచిదారి భిలాయివారికి చేరువలోనే కలదు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు తూర్పున రాయపూర్‌కును, పడమట రాజనాందగాఁవ్‌కును పోవును. కాని అది వెడల్పైన రాజమార్గమగుటచేత ఒకే వేగమున సాగిపోవు ప్రలోభము అచ్చట ఎక్కువ. దుర్గ్‌నుండి దక్షిణముగా గుండర్‌దేహీ, బాలోద్‌లమీదుగా దల్లీ–రాజహరాకు పోవు దారి మన పనికి మరింత అనుకూలము. భిలాయి కొలుములకు దశాబ్దములపాటు ప్రధానముగా ఇనుపరాయి వచ్చినది అచ్చటి గనులనుండియే. ఊళ్లు వచ్చినప్పుడు గేరు దించవలెను, దాటినప్పుడు ఎక్కించవలెను. బాలోద్ దాటిన పిమ్మట అడవియు, మిట్టపల్లములును ఎదురగును. ఎవరును ప్రయత్నపూర్వకముగా ఏర్పాటు చేయకయే ఆ దారి ఇంజనునకు మార్పులతో కూడిన వ్యాయామమును చేయించును. సెలవుదినమున ఒక్కసారి కుటుంబముతో పోయివచ్చిన, వారమంతయు సెక్టార్లలో తిరిగినదానికంటె అధికమైన మేలు జరుగునని నా దృఢాభిప్రాయము.

క్లచ్చు సంగతి వేరు. దానికి తొలిదినములలో నిజముగానే మృదుత్వము కావలెను. కొత్త క్లచ్చు పలకపైని లైనింగు ఫ్లైవీలునకు సర్వత్ర తగులక అక్కడక్కడ మాత్రమే తగులుచుండును. కొన్నివందల సారులు బండి బయలుదేరినగాని పూర్తిగా ఆనదు. ఆ లోపల అధికమైన వేడి పుట్టినచో తగిలిన చోట్లు మాత్రమే కాలి, మెరుగెక్కి, పట్టు కోల్పోవును. ఎంత వేడి పుట్టునో లెక్కించుట సులభము. ఇంజను వేగమును మార్చక బండిని నిలుకడనుండి కదల్చినప్పుడు, క్లచ్చు పూర్తిగా పట్టుకొనునాటికి బండికి వచ్చిన గతిజశక్తి ఎంతయో, జారుటలో వేడిగా మారిన శక్తియు సరిగా అంతయే యగును. గతిజశక్తి వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. చిన్నకార్లలో మొదటి గేరు నిష్పత్తి సుమారు మూడున్నర, రెండవదానిది సుమారు రెండుకు కొంచెము తక్కువ; కనుక రెండవ గేరులో బయలుదేరినచో క్లచ్చు పట్టుకొనునాటి వేగము దాదాపు రెండురెట్లకు చేరి, పుట్టు వేడి మూడురెట్లకు మించును. పూర్తిగా ఆగిన బండిని ప్రతిసారియు మొదటి గేరులోనే కదల్చవలెనను నియమమునకు ఇంతకంటె వేరు ప్రమాణము అక్కరలేదు. సుపేలా, పవర్ హౌస్ ప్రాంతములలో బండ్లు బారులుతీరి నిలిచినప్పుడు హాఫ్ క్లచ్చుమీద అంగుళమంగుళము జరుపుటకంటె, న్యూట్రల్ చేసి, ముందు చాలినంత చోటు ఏర్పడిన పిమ్మట ఒక్కసారి కదలుట మేలు. నడుచునప్పుడు ఎడమకాలు క్లచ్చు పెడలుమీద విశ్రమింపరాదు. ఆ స్వల్పభారమునకే రిలీజు బేరింగు అనవసరముగా నలుగుచుండును.

గేర్‌బాక్సులో ముందునకు నడుపు గేర్ల పండ్లచక్రములు ఎల్లప్పుడును ఒకదానితో నొకటి కలిసియే యుండును. మనము గేరు మార్చునప్పుడు కదలునది వానిని ఇరుసునకు బంధించు కాలరు మాత్రమే. కాలరు పట్టుకొనుటకు ముందు రెండింటి వేగములు సమానము కావలెను. ఆ పనిని ఇత్తడివంటి మిశ్రలోహపు శంకువుటుంగరమొకటి రాపిడివలన సాధించును. 1928లో కాడిలాక్ కారులో మొదటిసారి వచ్చిన సింక్రోమెష్ అను ఏర్పాటిది. అంతకుముందు గేరు మార్చుట ఒక సాధన. న్యూట్రలులో క్లచ్చు వదలి, వేగము సరిచూచుకొని, మరల తొక్కి గేరు వేయవలసి యుండెను. ఈ ఉంగరపు లోపలిగాట్లు నూనెను చీల్చి శంకువును పట్టుకొనుటకు క్షణములో కొంతభాగము పట్టును. కొత్తదైనప్పుడును, చలికి నూనె చిక్కబడినప్పుడును ఇంకను కొంచెము జాగు కావలెను. అందుచేతనే చలికాలపు ఉదయములలో రెండవ గేరు బిగుసుకొని యున్నట్లు తోచును. లివరును బలిమితో త్రోయక, ఉంగరమునకు పట్టు చిక్కునంతవరకు తేలిక ఒత్తిడితో నిలిపి, అది దారి ఇచ్చినప్పుడు వేయవలెను. గేరు వేసిన తరువాత చేయి లివరుమీదనే ఉంచుకొను అలవాటును మొదటిదినముననే మానుకొనవలెను. ఆ చేతి బరువు లోపలి ఫోర్కును తిరుగుచున్న కాలరుకు ఒరయించి ఊరక అరుగదీయును.

బ్రేకు ప్యాడ్లును టైర్లును తొలి కొన్నివందల కిలోమీటర్లలో పూర్తి పట్టు ఇయ్యవు. ప్యాడు పదార్థము డిస్కుపై సమమైన పొరగా పరచుకొనవలెను. టైరు అచ్చునుండి వచ్చిన జారుడుపూత అరిగిపోవలెను. ముందుబండికి దూరము ఎక్కువగా నుంచుకొనిన చాలును.

తొలి సర్వీసునాడు ఇంజను నూనె తీసి చూచినచో, కొత్త ఇంజనులలో సన్నని లోహధూళి మెరయుచుండుట కలదు. భయపడవలసిన పని లేదు, అణగిన శిఖరముల శేషమది. కంపెనీ చెప్పిన గడువునకు ముందే నూనె మార్చుట ఉత్తమమని కొందరందురు. కొన్ని కంపెనీలు మాత్రము తొలినూనెను గడువుతీరువరకు ఉంచుమని స్పష్టముగా చెప్పును. కరపుస్తకమున నున్నదానినే అనుసరించుట యుక్తము. గేర్‌బాక్సు నూనెను సాధారణముగా అప్పుడు మార్చరు, మట్టము సరిగా నున్నదో లేదో చూపించుకొనవలెను.

ఆ సర్వీసు ముగిసిన పిమ్మట భిలాయిలోని తెలుగు కుటుంబములు పండుగకో పెండ్లికో కొత్తబండిలో స్వగ్రామమునకు బయలుదేరుట పరిపాటి. రాయపూర్, ధమ్‌తరి, కాంకేర్ దాటిన వెనుక కేశ్‌కాల్ ఘాటు. జగదల్పూర్, జయపురము, కోరాపుట్ దాటి సుంకివద్దనుండి సాలూరు వైపునకు దిగు ఘాటు. ఐదువందల కిలోమీటర్లకు మించిన ఈ ప్రయాణములో గేర్‌బాక్సునకు అంతవరకు సరిగా అందని అమరిక యొకటి అందును. గేరుపండ్లకు రెండు ముఖములు. ఇంజను బండిని లాగునప్పుడు ఒకటి పనిచేయును, బండియే ఇంజనును త్రోయునప్పుడు రెండవది పనిచేయును. మైదానమున తిరిగిన బండికి ఈ రెండవముఖము దాదాపు కొత్తదిగానే మిగిలియుండును. కేశ్‌కాల్ ఎక్కునప్పుడు మలుపునకు ముందే గేరు దించి, ఇంజను మూలుగకుండ రెండువేల చుట్లకు పైన నిలిపి ఎక్కవలెను. సాలూరు వైపునకు దిగునప్పుడు ఏ గేరులో ఎక్కదగునో ఆ గేరులోనే దిగవలెను. కాలు పూర్తిగా తీసినప్పుడు ఇంజనే బండిని పట్టి నిలుపును, ఇంజెక్టర్లు పెట్రోలును ఆపివేయును, బ్రేకులు చల్లగా నుండును, పండ్ల రెండవముఖములు నూనెలో తడియుచు ఒకదానికొకటి ఒదుగును. న్యూట్రల్ చేసి జారవిడిచినచో ఈ లాభములన్నియు పోవుటయేకాక, ఘాటు దిగుసరికి బ్రేకులు కాగి పట్టు సడలు అపాయము కలదు.

విజయనగరమో శ్రీకాకుళమో చేరిన మరునాటి ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడు, బండిని సమతలమున నిలిపి నూనెపుల్లను తీసి తుడిచి మరల పెట్టి చూచి, ఆ మట్టమును ఓడోమీటరు అంకెతో సహా వ్రాసి యుంచుకొనవలెను. తిరిగి భిలాయి చేరిన తరువాత అదే విధముగా చూచి పోల్చవలెను. రింగులు ఇంకను కుదురుకొనుచున్న కాలమున కొద్దిగా తగ్గుట దోషము కాదు. తరువాతి రెండు మూడువేల కిలోమీటర్లలో ఆ తగ్గుదల క్రమముగా నిలిచిపోవలెను. నిలువక అట్లే సాగుచున్నచో, వ్రాసియుంచిన అంకెలను చూపి, వారంటీ గడువు లోపలనే సర్వీసువారిచేత పరీక్ష చేయించుకొనవలెను.